ఆ ఒక్క లైను జోలికి ఎవరూ పోరేం?

ఝరాసంగంలో బీటెక్ అయిన కుర్రాడు జహీరాబాదులో బస్సెక్కి అమీర్‌పేటలో దిగి మెయిన్‌ఫ్రేమ్ కోర్సులో చేరాడనుకోండి. కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్... అన్నీ చెప్తారు. ఈ ప్రోగ్రాము ఏ ప్రాసెసర్ మీద నడుస్తోంది, దానికి ఏం వచ్చు, ఏం రాదు అని అడిగితే మాత్రం "అది సిస్టమ్స్ వాళ్ళ పని బాబూ" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే అర్ధరాత్రి ఫోను మోగేది అప్లికేషన్ వాడికే! ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 5 (2013) నుంచీ ఆర్క్ అనే కంపైలర్ ఆప్షన్ ఉంది. అందులో 12 పెడితే, 2017లో జెడ్14తో వచ్చిన కొత్త డెసిమల్ ఇన్‌స్ట్రక్షన్లని కంపైలర్ వాడుకోవచ్చు. బ్యాంకు లెక్కలు గబగబా అవుతాయి, మేనేజరు సంతోషిస్తాడు. డీఆర్ సైట్లో పాత జెడ్13 ఉందా? అదే ప్రోగ్రాము అక్కడ ఎస్0సీ1తో బోర్లా పడుతుంది. అదీ అసలు మెషీను పోయి, అందరూ డీఆర్ వైపు చూస్తున్న రోజున.

దీన్ని ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చండీ. రోజర్ బౌలర్ 1999లో మొదలెట్టిన హెర్క్యులెస్ ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆర్క్‌లెవెల్ అని ఒక్క లైను: ఎస్/370, ఈఎస్ఏ/390, జెడ్/ఆర్క్. ఉచితంగా దొరికే ఎంవీఎస్ 3.8జే కి ఎస్/370 కావాలి. జెడ్/ఆర్క్ పెట్టి ఐపీఎల్ చేసి చూడండి, లేవదు. 4వ వెర్షన్లలో ఫెసిలిటీ అనే కమాండ్ కూడా ఉంది. జెడ్/ఆర్క్‌లో లైనక్స్ ఎక్కించి, ఆపడానికి వీలున్న ఒక ఫెసిలిటీని ఆపండి. ఎస్‌టీఎఫ్‌ఎల్‌ఈ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చే బిట్ల చిట్టాలో ఆ బిట్ సున్నా అవుతుంది. అది చూడకుండా గుడ్డిగా రాసిన ప్రోగ్రాము ఆపరేషన్ ఎక్సెప్షన్‌తో చస్తుంది. డీఆర్ సైట్లో జరిగేదీ ఇదే.

మనోళ్ళేం చేస్తారు? ఎవరో ఇచ్చిన ఫైలు కాపీ కొట్టి, లాగాన్ తెర రాగానే స్క్రీన్‌షాట్ తీసుకుని సంబరపడతారు. "అన్ని ఫెసిలిటీలూ ఆన్ చేస్తే పోలా?" అనేవాళ్ళు ఇంకో రకం. అన్నీ ఉన్న మెషీన్లో ఏ తప్పూ బయటపడదు స్వామీ! టెస్టు మెషీను మీ క్లయింటు దగ్గరున్న అన్నిటికన్నా పాత మెషీన్లా ఉండాలి.

హెర్క్యులెస్ మీద దొంగ జెడ్/ఓఎస్ ఎక్కించి ఇస్తామనేవాళ్ళకి దూరంగా ఉండండి. 2009లో టర్బోహెర్క్యులెస్ అనే కంపెనీ పద్ధతిగా లైసెన్సు అడిగితేనే ఐబీఎం ఒప్పుకోలేదు.

"ఇవన్నీ ఇంటర్వ్యూలో అడగరు కదా" అంటారా? నేను ఇంటర్వ్యూ చేస్తే మొదటి ప్రశ్న ఇదే.