నురుగు చేసిన నేరమేమి?

గత వారం మా కాలనీ సంఘం వారు ఇంటింటికీ ఒక తాఖీదు పంపారు. కార్లను ప్రెషర్ వాషరుతో, స్నో ఫోమ్‌తో కడుగుట నేటి నుండి నిషిద్ధమనీ, నీటి దుబారాను అరికట్టుటకే ఈ నిర్ణయమనీ అందలి సారాంశం. అందులో అచ్చుతప్పులు మూడున్నాయి. జీవితమంతా ఎఱ్ఱసిరాతో గడిపినవాణ్ణయినా వాటిని క్షమించాను. తర్కదోషాన్ని మాత్రం క్షమించలేకున్నాను. ఈ టపాకు అదే కారణం.

తాఖీదు వచ్చిన మరునాడుదయం నడకకు వెళ్తూ చూశాను. దానిపై సంతకం చేసిన పెద్దమనిషే తమ గుమ్మం ముందు పంపుగొట్టం పట్టుకొని కారు కడుగుతున్నారు. గొట్టం నేలపై పడి ఉన్నప్పుడు సైతం నీరు పారుతూనే ఉంది. అది దుబారా కాదట! ఎందుకంటే అందులో నురుగు కనిపించదు.

నేను ఇంటికి వచ్చి గడియారం, బక్కెట్టు తీసుకున్నాను. మా పంపుగొట్టం 20 లీటర్ల బక్కెట్టును 80 సెకన్లలో నింపింది. అనగా నిమిషానికి 15 లీటర్లు. ఇరవై నిమిషాలు కడిగితే 300 లీటర్లు. మా అబ్బాయి కారు కడిగే కుర్రవాడి యంత్రం మీద నిమిషానికి 6 లీటర్లని రాసి ఉంది. అతడు మొదట దుమ్ము జారడానికి, నడుమ నురుగు చల్లడానికి, చివర కడగడానికి కలిపి ఏడు నిమిషాలు మీట నొక్కుతాడు. అది 42 లీటర్లు. చేతితో రుద్దడానికి రెండు బక్కెట్లలో మరో 30. వెరసి 72. ఒక 5000 లీటర్ల ట్యాంకరు గొట్టంతో పదహారు కార్లకు, యంత్రంతో అరవైతొమ్మిది కార్లకు వస్తుంది. మా సంఘం నిషేధించినది రెండవ దానిని!

"అసలా నురుగెందుకండీ పంతులుగారూ, ఆడంబరం కాకపోతే" అన్నారు మరొకరు. ఆయనకు నా సమాధానం ఇది. రేవులో రజకులు మాసిన బట్టను తెచ్చీ తేగానే బండకు కొట్టేవారా? చౌటిమన్ను కలిపిన నీట తడిపి, ఉబ్బ వేసి, మురికి వదులైన తరువాతనే బండ మీదికి తెచ్చేవారు. నానబెట్టనిదే రుద్దరాదన్నది మన రేవుల్లో పుట్టిన శాస్త్రమే. ఈ మంచునురుగు చేసేదీ అదే. షాంపూ నీటిలో గాలి కలిసి చిక్కని నురుగై నిలువు రేకును అంటిపెట్టుకుంటుంది. నాలుగైదు నిమిషాల్లో దుమ్ము కింద చేరి, దాన్ని వదులు చేసి, తనతో కిందికి జార్చుకుపోతుంది.

ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. కారు రంగుపై ఉండే పారదర్శకమైన పూత మన వెంట్రుక మందమైనా ఉండదు. తెల్లవారుజామున పొడిగుడ్డతో "తుడిచే" ప్రతిసారీ ఆ ఇసుకతో ఆ పూతను గీస్తున్నామన్నమాట. నమ్మనివారు తమ కారును ఎండలో నిలిపి చూడండి. సాలెగూడు వంటి గీతలు వలయాలుగా కనిపిస్తాయి.

అయితే నురుగు భక్తులకూ నాలుగు మాటలు చెప్పాలి. నురుగు చల్లి నీళ్లు కొట్టినంత మాత్రాన కారు శుభ్రం కాదు. సన్నని జిడ్డుపొర మిగిలే ఉంటుంది. మెత్తని తొడుగుతో చేయి పెట్టి రుద్దవలసిందే. ఎండలో చల్లితే నురుగు ఎండి మరక కడుతుంది. సన్నధార నాజిల్‌ను దగ్గరగా పెడితే రంగు లేచిపోతుంది, టైరు చెడుతుంది. మన బోరునీటిలోని సున్నం తెల్లని చుక్కలై మిగులుతుంది కనుక వెంటనే గుడ్డతో అద్దాలి. వీడియో కోసం వారానికి మూడుసార్లు కారును మంచుకొండగా మార్చేవారిని నేను సమర్థించను. ఆ సబ్బునీటిని వాననీటి కాలువలోకి వదిలేవారినీ సమర్థించను. 2015లో బెంగుళూరు బెళ్లందూరు చెరువు నురుగు రోడ్డెక్కిన దృశ్యం మరచిపోయామా? శుద్ధి కాని మురుగు, అందులోని సబ్బులు ఆ నురుగుకు మూలం.

ఎదుటివారి వాదంలోని సత్యాన్ని దాచడం పండితధర్మం కాదు. అన్నిటికంటె తక్కువ నీరు పట్టేది ఒక్క బక్కెట్టు, తడిగుడ్డ. గీతలకు సిద్ధపడినవారు అలాగే కడుక్కోవచ్చు. బోరు ఎండిన వేసవిలో అసలు కడగకపోవడమే ఉత్తమం. హైదరాబాదుకు కృష్ణ నీరు నాగార్జునసాగరు నుండి నూరు కిలోమీటర్లకు పైబడి ఎత్తిపోతలపై వస్తుంది. ఆ నీటితో ఇనుమును స్నానమాడించడానికి మనసెలా ఒప్పుతుంది? 2024 మార్చిలో కరవు ముంచుకొచ్చినప్పుడు బెంగుళూరు జలమండలి వాహనాలు కడగడానికి తాగునీరు వాడరాదని శాసించి, 5000 రూపాయల జరిమానా విధించింది. గమనించండి, వారు నిషేధించింది తాగునీటి వాడకాన్ని. పనిముట్టును కాదు. మావారికి ఆ వివేకం లోపించింది.

ఇంతకూ ఈ తాఖీదు వల్ల నష్టపోయినది ఎవరు? గొట్టాలున్న గృహస్థులు కారు. నా వద్ద పదవ తరగతి చదివిన ఆ కుర్రవాడు. ఇదివరలో రోజూ పన్నెండు కార్లు తుడిచేవాడు. అప్పు చేసి ఆ యంత్రం కొన్నాడు. ఇంటింటికీ వెళ్లి కార్లు కడుగుతూ కాస్త నిలదొక్కుకుంటున్నాడు. మొన్న మా ఇంటికి వచ్చి, "సార్, మిషను అప్పు ఇంకా ఏడు కిస్తులున్నది. గేటు దగ్గర్నే ఆపేసిండ్రు" అన్నాడు. నేను తలదించుకున్నాను. అతనికి పద్యాల్లో ప్రతిపదార్థాలు చెప్పాను. ఈ తాఖీదుకు ఏ అర్థం చెప్పను?

ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. మూడు నియమాలు ప్రతిపాదించబోతున్నాను. కారు కడగడానికి మంచినీటి కుళాయి వాడరాదు. పదిహేను రోజులకొకసారి, కారుకు 80 లీటర్లకు మించరాదు, పరికరం ఏదైనా సరే. కడిగిన నీరు రోడ్డు మీదికి పారరాదు. ఈ మూడూ ఆ కుర్రవాడికి వర్తిస్తాయి, సంతకం చేసిన పెద్దమనిషికీ వర్తిస్తాయి.

బక్కెట్టునూ గడియారాన్నీ కూడా సభకు పట్టుకెళ్తాను. నా లెక్క తప్పని ఎవరైనా నిరూపిస్తే అక్కడే ఒప్పుకుంటాను. మిత్రులారా, మీరూ మీ ఇంటి గొట్టం కింద ఒకసారి బక్కెట్టు పెట్టి చూసి, వచ్చిన అంకెను ఇక్కడ రాయండి.