గేదెకున్న నెమ్మది మా అమ్మకి లేదు

“కళ్ళు మూసుకోండి. పచ్చటి పొలం ఊహించుకోండి. పైరు మీద గాలి వీస్తోంది. గట్టు మీద మీరొక్కరే నడుస్తున్నారు. ఒళ్ళంతా తేలికవుతోంది. మీ రొమ్ముల్లోకి పాలు వస్తున్నాయి...”

2023 అక్టోబరు. నాకు ఏడో నెల. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ళు గర్భిణీలకి పెట్టిన క్లాసు అది. ఏసీ గది, కింద మెత్తటి చాపలు, ఎక్కడినుంచో వేణువు. మనసు నెమ్మదిగా ఉంటే పాలు బాగా వస్తాయనీ, కాన్పుకి ముందునుంచే ఊపిరి మీద ధ్యాస పెట్టి సాధన చేస్తే బిడ్డకి పాలివ్వగలనన్న నమ్మకం కుదురుతుందనీ చెప్పారు. నాలుగు క్లాసులకి మూడువేలు. నా పక్క చాప మీదావిడ మొదటిరోజే “మీరేమిట్లండీ?” అని అడిగింది. చెప్పాను. రెండోరోజు ఆవిడ చాప కిటికీ దగ్గరికి జరిగింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. పచ్చటి పొలం వచ్చింది. గట్టు వచ్చింది. గట్టు మీదకి మా అమ్మ వచ్చింది. నేను కళ్ళు తెరిచేశాను.

ఎందుకు తెరిచానో ఆ గదిలో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

మాది కూచిపూడి పక్క ఊరు. ఊరు అనకూడదు, ఊరి బయట గూడెం. కూచిపూడి పేరు చెబితే లోకానికి గజ్జెల చప్పుడు వినపడుద్ది. మాకు కొడవళ్ళ చప్పుడు వినపడుద్ది. మగవాళ్ళే ఆడవేషం కట్టి ఆడిన కళ అది. స్త్రీపాత్రలకి పేరుమోసిన వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆ విద్యని నేను తక్కువ చెయ్యను. కాకపోతే ఒక సంగతి చెప్పాలి. వేదిక మీద తల్లి వేషానికి శాలువా కప్పిన ఈ సీమలోనే, గట్టు మీద నిజంగా పాలిచ్చిన తల్లికి అదిలింపులు దక్కాయి.

1996లో నాకు ఏడేళ్ళు. మా తమ్ముడు పుట్టి నలభై రోజులైనా నిండకుండానే అమ్మ కలుపుకి పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. నేను బడి మానేసి వాణ్ణి చంకనేసుకుని మధ్యాహ్నం పొలానికి పోయేదాన్ని. అమ్మ మునుంలో వంగి ఉండేది. నన్ను చూసి నడుం ఎత్తేది. జాకెట్టు ముందు రెండు పక్కలా తడి.

“అయ్యగారూ, పిల్లోడికి పాలిచ్చొస్తానండీ.”

“మునుం తెగాక ఎల్దువుగానిలే. వాడేం చచ్చిపోడు.”

మునుం తెగేసరికి తమ్ముడు ఏడ్చి ఏడ్చి డస్సిపోయేవాడు. అమ్మ కాలవలో చేతులు కడుక్కుని పరుగున వచ్చి గట్టు మీద కూర్చునేది. కామందు గొడుగేసుకుని నాలుగు బారల దూరంలో నిలబడి చూస్తుండేవాడు. అమ్మ కొంగు కప్పుకునేది. రొమ్ము రాయిలా గట్టిపడి ఉండేది. వాడు పీకేవాడు, వదిలేసి ఏడ్చేవాడు. “చేపు రావట్లేదే అమ్మాయ్” అనేది అమ్మ. నాకు అర్థమయ్యేది కాదు. పాలున్నాయిగా, ఎందుకు రావు? “ఇంకెంతసేపే?” అని అటునుంచి కేక. అమ్మ లేచిపోయేది. నేను వాణ్ణెత్తుకుని నడిచిపోతుంటే వాడి ఏడుపు పొలం మీదుగా అమ్మకి వినపడేది. అప్పుడొచ్చేది చేపు. మునుంలో వంగిన అమ్మ రొమ్ముల్లోంచి పాలు కారి బురదలో పడేవి. నేను వెనక్కి తిరిగి చూశాను కాబట్టి నాకు తెలుసు.

అదే కామందు దగ్గర మా నాయన పాలేరు. సాయంత్రం గేదెల్ని పితికేది నాయనే. ముందు కుడితి, తవుడు, తెలగపిండి. తర్వాత దూడని వదిలి రెండు గుక్కలు తాగనిచ్చేవాడు. పొదుగు నీళ్ళతో కడిగి నిమిరేవాడు. అప్పుడు కామందు స్వయంగా వచ్చి నోటి మీద వేలేసుకుని చెప్పేవాడు: “ఎవరూ అలికిడి చెయ్యకండి. కొత్తమనిషి కనపడితే ఎగచేపుద్ది. బెదిరితే చుక్క రాల్చదు.” వాకిలంతా నిశ్శబ్దం. పిల్లలు ఆట ఆపేవాళ్ళు.

చూశారా? ఆయనకి తెలియక కాదు. బెదిరిన తల్లికి పాలు దిగవని ఆయనకి బాగా తెలుసు. గేదె విషయంలో తెలుసు.

తమ్ముడి కోసం ఆ కామందు ఇంటి గేదె పాలే కొన్నాం. నీళ్ళు కలిపి సీసాలో పోసి పట్టాం. ఆ నీళ్ళు కాలవ నీళ్ళు. వాడికి వాంతులు, విరోచనాలు. తొమ్మిది రోజులు ఆస్పత్రి. వాడు బతికాడు. ఆ అప్పు తీరడానికి నాయన జీతం రెండేళ్ళు పట్టింది. అమ్మ పాలు బురదలో కలిసి, గేదె పాలు అప్పులో కలిసి, లాభం ఎవరికి పోయిందో లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. నేను టీచర్ని, పాఠం చెప్పక తప్పదు. పాలు తయారవడం వేరు, చేపు రావడం వేరు. ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలు తయారు చేయిస్తుంది. బిడ్డ చప్పరించినా, ఏడుపు విన్నా, బిడ్డ తలపుకొచ్చినా తల్లి మెదడు కింది గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను దిగి, ఆ పాలని బయటికి తోస్తుంది. అదే చేపు. భయం, నొప్పి, అవమానం ఈ రెండోదాన్ని కాసేపు పట్టి ఆపేస్తాయి. బిడ్డకి అందక రొమ్ము ఖాళీ కాకపోతే రానురాను తయారయ్యే పాలు కూడా తగ్గుతాయి. మలేషియాలో తల్లుల మీద జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒళ్ళు సడలించుకునే మాటల రికార్డు విన్న తల్లులకి ఒత్తిడి తగ్గింది, వాళ్ళ పిల్లల బరువు మెరుగ్గా పెరిగింది. కాబట్టి ఆ ఏసీ గదిలో చెప్పింది అబద్ధం కాదు. నా తగువు దానితో కాదు.

నా తగువు ఇది. నెమ్మది పాలకి మందు అని తెలిసినప్పుడు, ఆ నెమ్మదిని ఎవరు ఎవరి దగ్గర్నుంచి లాక్కున్నారో కూడా చెప్పాలి కదా! చెప్పరు. నీ మనసులో అలజడి ఉంది, నువ్వే తగ్గించుకో అంటారు. గొడుగేసుకుని నిలబడ్డ కామందు సంగతి ఎత్తరు. పచ్చటి పొలాన్ని ఊహించుకోమంటారు. ఆ పొలం ఎవరిదో అడగరు. భూమి ఎలా పంచుకున్నారో ఈ దేశంలో నెమ్మదిని కూడా అలాగే పంచుకున్నారు. మా గూడేనికి సెంటు రాలేదు.

ఆ క్లాసులో చెప్పిన ఊపిరి ధ్యాస ఎవరిది? 1979లో అమెరికాలో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన బౌద్ధ ధ్యానాన్ని తీసుకుని రోగుల కోసం ఒక పద్ధతి తయారు చేశాడు. అది తిరిగి తిరిగి విజయవాడ చేరింది. నిజానికి అంత దూరం నుంచి రావాల్సిన పని లేదు. మా ఊరికి దగ్గర్లోనే ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. ఊపిరిని గమనించమని చెప్పిన బుద్ధుడు పుట్టుకతో ఎవరూ తక్కువ కారని కూడా చెప్పాడు. మొదటి సగం మూడువేలకి అమ్మారు. రెండో సగం ఘంటసాల ఇటుకల కిందే వదిలేశారు. అందుకే నా పక్కావిడ బుద్ధుడి ధ్యానం చేస్తూ చాప జరుపుకోగలిగింది.

చూలింతకి, బాలింతకి విశ్రాంతి కావాలని బాబాసాహెబ్ ఎప్పుడో అన్నారు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడుతూ, కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరించాలనీ వాదించారు. మరుసటేడు అది చట్టమైంది. ఆయన కళ్ళు మూసుకోమనలేదు. చట్టం చెయ్యమన్నారు.

చట్టాలు వచ్చాయి. 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017లో దాన్ని సవరించి 26 వారాలు చేశారు. అది ఎవరికి? ఆఫీసులకి, ఫ్యాక్టరీలకి, నాలాంటి ఉద్యోగులకైతే వేరే రూల్సు. కలుపు తీసే అమ్మకి ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. 2017 నుంచే మాతృ వందన పథకం కింద తొలి కాన్పుకి ఐదువేలు ఇస్తున్నారు. బిడ్డకి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని గోడల మీద రాస్తారు. ఆరు నెలలంటే 180 రోజులు. ఐదువేలని 180తో భాగించమని మా ఐదో తరగతి పిల్లలకి ఇచ్చాను. రోజుకి 28 రూపాయలు కూడా రాలేదు. 2013 ఆహార భద్రత చట్టమేమో ఆరువేలకి తగ్గకూడదంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. మా ఊరి పనుల్లో ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు.

ఇక నా కాన్పు. 2023 డిసెంబరు. ఆపరేషన్ అయ్యింది. నేనొక్కదాన్నే కాదు, 2019–21 జాతీయ సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కోత నొప్పి, మత్తు, పక్కకి తిరగలేను. మూడోరోజుకీ పాలు సరిగా రాలేదు. నర్సుకి చెప్పాను. “మీవాళ్ళకి పాలకేం కరువు? ఒళ్ళొంచి పనిచేసే జాతి మీది” అని నవ్వింది.

ఈ మాట చాలాసార్లు విన్నాను. మీ ఆడాళ్ళకి కాన్పు తేలిక, మీ పిల్లలు మట్టిలో పెరుగుతారు, మీకేం కాదు. పొగడ్తలాగా ఉంటుంది. దాని లోపల ఉన్నది ఒకటే: మీకు ఒళ్ళు ఉంది, మనసు లేదు. మనసు లేనివాళ్ళకి దిగులు ఉండదు. దిగులు లేనివాళ్ళకి ఓదార్పు అక్కర్లేదు. అక్కడున్న ఆడవాళ్ళందరికీ రొమ్ము ఎలా పట్టించాలో దగ్గరుండి చూపించినావిడ నా మంచం దగ్గర ఆగలేదు. డబ్బా పాలు తెచ్చుకోమని చెప్పి పోయింది. 1992లో డబ్బా పాల ప్రచారాన్ని అరికడుతూ దేశంలో చట్టం వచ్చింది. కానీ “నీకు పాలు చాలవేమో” అన్న ఒక్క మాట చాలు, ప్రచారం అక్కర్లేదు.

ఆ సాయంత్రం అమ్మ వచ్చింది. వచ్చీ రాగానే అందర్నీ బయటికి పొమ్మంది. తలుపేసింది. వేడి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి నా వీపు మీద, మెడ కింద నిమిరింది. బిడ్డ బట్టలు తీసి నా ఒంటికి ఆనించింది. “భుజాలు దించవే. ఊపిరి కిందకి వదులు. ఎవరూ రారు. నేనున్నా” అంది. చీకటి పడింది. మా ఇద్దరి మధ్యా మాట లేదు. కాసేపటికి ఒళ్ళు జలదరించినట్టయ్యి చేపు వచ్చింది.

అమ్మ ఏ క్లాసుకీ పోలేదు. గేదె దగ్గర నాయన చేసిందే నా దగ్గర చేసింది. తనకి ఎవరూ చెయ్యనిది నాకు చేసింది. మరి నాకు పాలివ్వగలనన్న ధైర్యం అమ్మ చేతుల్లోంచే వచ్చిందా? సగం అక్కడినుంచి. మిగతా సగం నా 180 రోజుల జీతం సెలవులోంచి. నెలకోసారి బ్యాంకులో పడిన జీతం నా వెనక గోడలా నిలబడింది. ఆ గోడ లేకపోతే అమ్మ చేతులు కూడా నలభయ్యో రోజున నన్ను మునుంలోకి పంపేవి.

ఇక మనవాళ్ళతో ఒక మాట. ధ్యానం, విశ్రాంతి అనగానే అవి కడుపు నిండినవాళ్ళ వేషాలని నవ్వే అన్నలున్నారు. అన్నా, మీరు నవ్వుతున్నది మా అమ్మ చేపు రాని మధ్యాహ్నాన్ని చూసి. కూలి పెంచమని అడిగినప్పుడు పాలిచ్చే వేళ కూడా అడగాలని మీకు ఎందుకు తట్టలేదు? 2024 ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభకి నాలుగు నెలల పాపతో వెళ్ళాను. పాప ఏడిస్తే “అమ్మా, పిల్లని బయటికి తీసుకెళ్ళండి” అని వేదిక మీదినుంచే మైకులో చెప్పారు. వెనక మెట్ల మీద, చెప్పుల గుట్ట పక్కన కూర్చుని పాలిచ్చాను. లోపల ప్రసూతి హక్కుల మీద బాబాసాహెబ్ ఏమన్నారో ఒకాయన చెబుతున్నాడు. చేపు ఎగబట్టింది.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ఊపిరి పాఠాలు ఏసీ గదుల్లోనే ఎందుకు? అంగన్‌వాడీల్లో చెప్పండి, మా గూడెం చూలింతలందరికీ ఉచితంగా చెప్పండి. మాకూ మనసు ఉంది, మాకూ భయం ఉంది. కానీ ఆ పాఠంతోపాటు కూలికి సమానమైన డబ్బు ఆరు నెలలు ఇవ్వండి. పనిచోట నీడ, మంచినీళ్ళు, మరుగు ఇవ్వండి. పాలిచ్చే వేళని కూలి కోత లేని వేళగా రాయండి. అవేవీ ఇవ్వకుండా ధైర్యంగా ఉండు, పాలొస్తాయి అని చెప్పడం, కాళ్ళు కట్టేసి పరుగు నేర్పడం.

పోయిన మినుము తీతలప్పుడు మా నాలుగో తరగతిలో ఒక పిల్ల వారం రోజులు రాలేదు. ఇంటికి పోతే గుడిసె తలుపుకి గొళ్ళెం ఉంది. పొలం దారి పట్టాను. గట్టు మీద ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి భయపడింది, బడి ఎగ్గొట్టినందుకు కొడతాననుకుంది. నేను పిల్లాణ్ణి అందుకుని మునుంలో ఉన్న వాళ్ళమ్మని పిలిచాను. మేస్త్రి ఏదో అనబోయాడు. వేలు నోటి మీద పెట్టుకుని చెప్పాను.

“అలికిడి చెయ్యకు. బిడ్డ పాలు తాగాలి.”