పని ఇవ్వు, లేదా భృతి ఇవ్వు - ముందు రసీదు ఇవ్వు!

ఆఫీసులో ఉద్యోగం పోతే చేతికి ఒక కాగితం వస్తుంది. ఫలానా తేదీ నుంచి నీకు పని లేదని అందులో రాసి ఉంటుంది. మన పల్లెలో కూలి పోతే ఏ కాగితం వస్తుంది? ఊడ్పులు పోయాయి, వెదజల్లుడు వచ్చింది. కలుపులు పోయాయి, కలుపు మందు వచ్చింది. కోతల్నీ నూర్పిళ్లనీ కోత మిషను ఒక్క పూటలో మింగేసింది. తరతరాలుగా ఆ చేలల్లో వంగిన నడుములకు "రేపటి నుంచి రావద్దు" అని చెప్పినవాడు ఒక్కడూ లేడు. కబురు రాలేదు, అంతే. కబురు రాకపోవడమే మన డిస్మిస్ ఆర్డరు.

కాగితం లేని నిరుద్యోగానికి లెక్క లేదు. లెక్క లేనివాళ్లకు హక్కు లేదంటారు. ఈ మోసం గురించే మేము రాస్తున్నాం.

నిరుద్యోగ భృతి అనగానే మనవాళ్లకు ఎన్నికలు గుర్తొస్తాయి. 2018లో తెలంగాణలో నెలకు 3,016 రూపాయలన్నారు. ఆ ప్రభుత్వం దిగిపోయేదాకా ఇవ్వలేదు. అదే ఏడాది ఆంధ్రలో డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 1,000 మొదలుపెట్టారు. 2019లో ప్రభుత్వం మారింది, అదీ ఆగింది. 2024 ఎన్నికల్లో 3,000 అన్నారు. ఇవన్నీ ఓట్ల కోసం ఇచ్చిన మాటలు. మైకు కట్టేస్తే మాటా కట్టేసినట్టే. కానీ ఏ నాయకుడి దయా లేకుండా, చదువురాని కూలి మనిషి కోసం చట్టంలోనే రాసిన భృతి ఒకటుంది. దాని పేరు ఏ మైకులోనూ వినపడదు. ఎందుకని?

రాజ్యాంగం 41వ అధికరణంలో పనిహక్కు ఉంది, పని లేనప్పుడు ప్రభుత్వ సాయం పొందే హక్కూ ఉంది. అయితే అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కి అడగలేం. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చాక పల్లె కూలీకి ఆ మాట చట్టమయ్యింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, మన నేల మీదే, ఆ పథకం మొదలైంది. ఆ చట్టం 7వ సెక్షను ఏం చెప్పింది? పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలంది. మొదటి 30 రోజులకు కూలి రేటులో నాలుగో వంతుకు తగ్గకూడదు, ఆ తర్వాత సగానికి తగ్గకూడదు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రేటు 307 రూపాయలు. నాలుగో వంతంటే రోజుకు 76 రూపాయల 75 పైసలు. నెలకు 2,302 రూపాయల 50 పైసలు.

అన్నలారా, అక్కలారా, మీ ఊళ్లో ఈ డబ్బు ఒక్కరికైనా వచ్చిందా?

ఎందుకు రాలేదో కిటుకు చెబుతాం. పాత చట్టంలో కూలి డబ్బు కేంద్రం ఇవ్వాలి, భృతి డబ్బు రాష్ట్రం ఇవ్వాలి. భృతి కట్టాల్సి వస్తే రాష్ట్రం తన జేబులోంచి తియ్యాలి. మరి జేబు కాపాడుకోవడం ఎలా? మనం పని అడిగినట్టే రాసుకోకపోతే సరి! దరఖాస్తు తీసుకుని తేదీ వేసిన రసీదు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ తేదీ నుంచే 15 రోజులు లెక్క. అందుకని రసీదే ఇవ్వరు. భృతిని ఎగ్గొట్టేది పైన సెక్రటేరియట్‌లో కాదు, మన ఊరి పంచాయతీ బల్ల దగ్గరే.

మాకు జరిగిందే చెబుతాం. 2025 సెప్టెంబరులో మా పల్లె ఆడవాళ్లు ఇరవై మంది జాబు కార్డులు పట్టుకుని పంచాయతీకి పోయారు. "నోటితో చెప్పండమ్మా, కాగితాలెందుకు, పని రాగానే పిలుస్తా" అన్నాడు ఫీల్డ్ అసిస్టెంటు. మూడు వారాలు పిలవలేదు. మండల ఆఫీసుకు పోతే కంప్యూటరు చూసి, "మీ ఊళ్లో ఎవరూ పని అడగలేదే" అన్నారు. మాతో వచ్చిన ముసలమ్మ ఒకామె, "మేం ఇరవై మందిమి నీ ఎదురుగా నిలబడితే కనపడక, ఆ డబ్బాలో ఎతుకుతావేందయ్యా?" అని అడిగింది. ఆఫీసులో ఒక్కరు తలెత్తలేదు.

ఆ రాత్రి బడి అరుగు మీద కూర్చుని ఇరవై దరఖాస్తులు రాశాం. పేరు, జాబు కార్డు నంబరు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు పని కావాలో వేసి, వేలిముద్రలు వేయించి, నకళ్లు దాచి స్పీడ్ పోస్టులో పంపాం. రసీదు వాళ్లివ్వకపోతే పోస్టాఫీసు ఇచ్చింది. పదమూడో రోజున చెరువు గట్టు కింద పని పెట్టారు! నోటితో అడిగితే లేని పని, తేదీ ఉన్న కాగితం చూసి పుట్టుకొచ్చింది.

గెలిచామని చప్పట్లు కొట్టుకోలేదు. అంతకు ముందు పోయిన మూడు వారాల కూలి ఎవరిస్తారు? నోటిమాటకు తేదీ లేదు కాబట్టి అడగలేకపోయాం. ఇందులో మా తప్పూ ఉంది. మాలో కొందరం బడిపంతుళ్లం, మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం. మా అమ్మలు తట్ట మోసి చదివించారు. జయంతికి దండలు వేశాం, ఉపన్యాసాలిచ్చాం. అమ్మ తరఫున ఒక్క దరఖాస్తు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. సిగ్గుపడి రాస్తున్నాం ఈ మాట.

ఇప్పుడు ప్రమాదం ఇంకా పెద్దది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టాన్ని పక్కనపెట్టి కొత్త చట్టం చేసింది. 125 రోజులని ఊరించారు. కానీ మన రాష్ట్రాలు ఇకపై కూలి డబ్బులోనూ 40 పాళ్లు భరించాలన్నారు. భృతి భారమైనప్పుడే రసీదు ఎగ్గొట్టినవాళ్లు, కూలీ భారమైతే ఊరుకుంటారా? ఇంకోటుంది. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు ఈ పని ఆపొచ్చన్నారు. ఎవరి కోసం? చేలో మిషను తిరుగుతుంది, గట్టు మీద మనం నిలబడాలి. చౌకగా పిలిస్తే పోవాలి, పిలవకపోతే పస్తుండాలి. ఇది మన మీద కట్టిన కొత్త పాలేరుతనం!

అయినా 15 రోజుల గడువు, భృతి మాట కొత్త చట్టంలోనూ ఉన్నాయి. ఆ మాటనైనా వదలొద్దు. నోటితో పని అడగొద్దు. గుంపుగా పోయి కాగితం ఇవ్వండి. తేదీ, సంతకం లేకుండా బల్ల దగ్గర నుంచి కదలొద్దు. రసీదు ఇవ్వకపోతే పోస్టులో పంపండి. పదహారో రోజున భృతి కోసం రెండో దరఖాస్తు రాయండి. ఊరికొక నోటుపుస్తకం పెట్టి ఎవరు ఏ రోజు అడిగారో రాసుకోండి. చదువుకున్న ప్రతి పిల్లా పిల్లోడూ వాడలో పది దరఖాస్తులు రాయాలి.

ఇంకొక్క మాట. దీన్ని "కరువు పని" అనడం మానుకుందాం. ఎవరో జాలిపడి వేసే గంజి కాదిది. మన చెమటతో పండిన దేశం మనకున్న బాకీ. బాకీ అడిగేవాడు తల వంచడు, తేదీ చూపిస్తాడు.

పని ఇవ్వు, లేదా భృతి ఇవ్వు! ముందు రసీదు ఇవ్వు!

జై భీమ్!