తలుపు పగిలాక చట్టం ఏమంటుంది?

రాత్రిపూట గుంపు వాడ మీద పడింది. లోపలివాళ్లు కర్ర అందుకున్నారు. మర్నాడు రెండు కేసులు: వాళ్ల మీద అట్రాసిటీ కేసు, మనవాళ్ల మీద హత్యాయత్నం కేసు. ఇలాంటి కౌంటర్ కేసుల్లో ఆత్మరక్షణ వాదన ఎంతవరకు నిలుస్తుందో ముందే తెలుసుకోవాలని మేము అంటున్నాం.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. చీకటిపడ్డాక తలుపు బద్దలుకొట్టి చొరబడినా, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టినా, అవసరమైతే ప్రాణం తీసేదాకా ఎదిరించవచ్చని 41 చెబుతుంది. డేరా అయినా సరే. చొరబాటు సాగుతున్నంతసేపే ఆ హక్కు. పారిపోయేవాణ్ణి తరిమి కొడితే అది ప్రతీకారమే.

అసలు చిక్కు 37లో ఉంది. అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కే లేదంటుంది. ఎవరి పోలీసులు? 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే దళితులను వెంటాడి చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇదంతా చూసిన వాడను ‘ముందే పోలీసులకు ఎందుకు చెప్పలేదు?’ అని అడగడం మాకు విడ్డూరంగా ఉంది. దాడి ఎదురైతే పిరికిగా పారిపోనక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో చెప్పింది, నిజమే.

ఆత్మరక్షణ అని చూపాల్సిన భారం మాత్రం నిందితుడిదే. సందేహాతీతంగా కాదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. కాబట్టి మనవాళ్ల గాయాలు ఆసుపత్రి రికార్డుకెక్కాలి. పోలీసులకు ఫోన్ చేసిన వేళ రాసిపెట్టుకోవాలి. విరిగిన తలుపు ఫోటోలు తీయాలి, అదీ బాగుచేయించకముందే.