బండి రద్దయిన ఆదివారం

నిరుడు ఒక ఆదివారం పొద్దున అయిదున్నరకి ఫోన్ మోగింది. నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి. "సార్, ప్యాసింజర్ లేదంట. టికెట్లిచ్చే కాడ కాగితం అంటించుండారు. పరీక్ష నెల్లూర్లో. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. ఎట్ట పొయ్యేది?"

బోగోలు నుంచి నెల్లూరు నలభై కిలోమీటర్లు కూడా లేదు. అంత దగ్గర. ఆ రోజు నేను గుంటూరులో ఉన్నాను. సామాజిక న్యాయం మీద ప్రసంగించడానికి పోయి ఉన్నాను, ఇంకెందుకు దాచడం. హైవే మీదకి నడిచి ఏ బస్సు దొరికితే ఆ బస్సు ఎక్కమని చెప్పాను. దారిలో వాళ్ల ఊరి కారు ఒకటి ఆగిందట. అద్దం దిగింది. "ఎవురమ్మాయివి? ఏ పక్క ఇల్లు మీది?" అమ్మాయి చెప్పింది. "ఎనక సామాన్లుండాయిలేమ్మా" అని అద్దం ఎక్కింది. వెనక సీటు ఖాళీగానే ఉందని ఆ అమ్మాయి నాకు చెప్పలేదు. రెండు నెలల తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

ఎనిమిది నిమిషాల తేడాతో గేటు మూసుకుంది.

ఈ సంగతి రైలు సమయపాలన గురించి అనుకుంటే ఇక్కడే ఆపేయొచ్చు. నా బాధ వేరే. పది రూపాయల టికెట్ కొనేటప్పుడు కౌంటర్లో మనిషి "ఏ పక్క ఇల్లు మీది" అని అడగడు. ఊళ్లో నుంచి బయటికి పోవడానికి ఎవరి దయా అక్కర్లేని వాహనం మనకి అదొక్కటే, దాని తర్వాత ఎర్ర బస్సు. రైల్లో కులం ఉండదని నేననను. ఎదురు సీటు పెద్దమనిషి బువ్వ తింటూ తింటూ "మీరేమిటోళ్లు?" అని అడిగిన ప్రయాణాలు నాకు బోలెడు ఉన్నాయి. కానీ ఆయన అడిగినా నా సీటు నాదే. బండి రద్దయినప్పుడు సీటు మళ్లీ ఊరి చేతిలోకి పోతుంది. కారున్నవాడు, బైకున్నవాడు, ట్రాక్టరున్నవాడు ఎవడో చూసుకోండి.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న మొదటి అనుభవం సరిగ్గా ఇదే. 1901లో తొమ్మిదేళ్ల పిల్లవాడు, అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూరు స్టేషన్లో దిగాడు. రైలు వాళ్లని బాగానే దించింది. తండ్రికి ఉత్తరం అందలేదు, మనిషి రాలేదు. మంచి బట్టలు చూసి దగ్గరికొచ్చిన స్టేషన్ మాస్టరు, మహర్ల పిల్లలని తెలియగానే వెనక్కి జరిగాడు. బళ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. రాత్రంతా తాగడానికి నీళ్లు లేవు. మనం ఈ కథలో నీళ్ల దగ్గర ఆగి ఏడుస్తాం, సహజం. నేను ఈమధ్య బండి దగ్గర ఆగుతున్నాను. ప్రత్యామ్నాయ ప్రయాణం అనే మాటకి మన చరిత్రలో అర్థం ఆ రెట్టింపు కిరాయి.

రైళ్లు తెచ్చే పరిశ్రమ కులానికి ఆధారమైన వంశపారంపర్య పని విభజనని కరిగించేస్తుందని మార్క్స్ 1853లోనే న్యూయార్క్ పత్రికకి రాశాడు. మా బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉన్న ఊరు. మా మండలంలోనే ఉంది. మార్క్స్ ఒకసారి వచ్చి చూసుంటే బాగుండేది.

సరే, బండ్లు ఎందుకు రద్దవుతాయి? విజయవాడ-గూడూరు మూడో లైను పనులు, సిగ్నళ్లు, పట్టాల మార్పిడి. పట్టాల పనిని నేను తిట్టను. ఎండలో గునపం పట్టుకుని ఆ పని చేసే ట్రాక్‌మెన్‌లో మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. లైను ఆపకుండా పని చేయిస్తే చచ్చేది వాళ్లే. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. రెండూ ప్యాసింజర్లే, అదీ ఆదివారమే. కాబట్టి లైను ఆపి బాగుచేయండి, తప్పకుండా చేయండి.

కానీ ముందు ఏ బండి ఆపుతారు? వందేభారత్ కాదు. అల్లూరు రోడ్డు, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు లాంటి చోట్ల ఆగే బండి. పని కూడా శని ఆదివారాల్లోనే ఎక్కువ పెట్టుకుంటారు, ఆఫీసులుండవు గనక. ఎవరి ఆఫీసులు? గ్రూప్-2 స్క్రీనింగ్ 2024 ఫిబ్రవరి 25, గ్రూప్-1 ప్రిలిమ్స్ 2024 మార్చి 17, గ్రూప్-2 మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23. క్యాలెండర్ తీసి చూడండి, మూడూ ఆదివారాలే. కూలికి పోయేవాడికి, హాస్టల్ నుంచి ఇంటికొచ్చే పిల్లకి, చర్చికి పోయే ముసలమ్మకి ఆదివారమే ప్రయాణం.

చెన్నై సంగతి ఇంకా కష్టం. తెల్లవారుజామున బిట్రగుంటలో బయల్దేరే చెన్నై ఎక్స్‌ప్రెస్ మనవాళ్లకి ఆసుపత్రి బండి. సెంట్రల్లో దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. మూడో లైను పనులకి ఆ బండిని విడతలు విడతలుగా రద్దు చేశారు. బస్సులో పోవచ్చు కదా అంటారు. 2018 నుంచి ఆంధ్రా బస్సులు మాధవరంలో ఆగిపోతాయి. అక్కడి నుంచి రోగిని పట్టుకుని, భాష రాని ఊళ్లో, ఇంకో సిటీ బస్సు. పైగా గూడూరు దాటితే లైను వేరే జోన్‌ది. అటు గుమ్మిడిపూండి వైపు లోకల్ రైళ్లు ఆపితే ఆ కబురు మనదాకా రాదు, వచ్చినా తెలుగులో రాదు. లోకల్ మధ్యలో ఆపేస్తే గుర్తుపెట్టుకోండి: వింకోనగర్ దాకా చేరగలిగితే పక్కనే మెట్రో ఉంది, 2021 నుంచి నడుస్తోంది, నేరుగా సెంట్రల్‌కి వస్తుంది.

బస్సు ఎప్పుడూ ఉంటుందనుకోవడం కూడా భ్రమే. 2021 నవంబర్ 20, శనివారం. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, అదే పూట అక్కడే హైవే కూడా తెగింది. రైలూ లేదు, బస్సూ లేదు.

ఇంగ్లండ్‌లో చదువుతున్న మన పిల్లల్ని అడగండి. అక్కడా శని ఆదివారాలు పట్టాల పనులే, అక్కడా తిట్టుకుంటారు. కానీ స్టేషన్ బయట రైలు బదులు బస్సు పెడతారు, అదే టికెట్ చెల్లుతుంది. ఆలస్యమవుతుంది, చేరుస్తుంది. ఇక్కడ బండి ఆపినవాడి బాధ్యత రీఫండ్‌తో తీరిపోతుంది. కౌంటర్ దగ్గరికొచ్చాక గానీ బండి లేదని తెలియనివాడు అసలు టికెట్టే కొనలేదు, వాడికి రీఫండేంది? రొట్టెల పండక్కి, సంక్రాంతికి ప్రత్యేక బస్సులు నడిపే ఆర్టీసీ మనకుంది. రైల్వే నెల ముందే తయారుచేసుకునే రద్దుల జాబితాని జిల్లా కలెక్టరుకీ డిపో మేనేజరుకీ పంపితే, ఆ రెండు పూటలకి నాలుగు బస్సులు వేయడం బ్రహ్మవిద్య కాదు. ఇది కోరుతూ వినతిపత్రం రాశాను, సంతకాలు కావాలి.

అది అయ్యేలోపు మనం చేసుకోగలిగింది. పరీక్ష ఉన్నవాళ్లు హాల్ టికెట్ వచ్చిన రోజే బండి చూసుకోండి, మళ్లీ గురువారం చూడండి, శనివారం రాత్రి 139కి ఫోన్ చేయండి. "పాక్షికంగా రద్దు" అని ఉంటే బండి నడుస్తుందని మురిసిపోవద్దు, మీ స్టేషన్ దాకా వస్తుందో లేదో చూడండి. అమ్మాయిలకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. రాష్ట్రం దాటితే మాత్రం వర్తించదు, చెన్నైకి డబ్బులు పెట్టుకోండి. ఒక్కొక్కరూ ఆటో మాట్లాడుకోకుండా, ఒకే సెంటర్ పడిన నలుగురూ ముందు రోజే కలిసి మాట్లాడుకోండి. అన్నిటికంటే మేలు, శనివారం సాయంత్రమే నెల్లూరు చేరడం. అక్కడ పడుకోవడానికి చోటు లేక చాలామంది ఆ పని చేయరు. లాడ్జీకి డబ్బులుండవు, చుట్టాలుండరు.

అందుకని మేం కొందరం లెక్చరర్లం, హాస్టల్ పాత విద్యార్థులం కలిసి ఒక జాబితా మొదలుపెట్టాం. నెల్లూరు, కావలి, ఒంగోలులో శనివారం రాత్రి ఒకరికో ఇద్దరికో చాప, అన్నం ఇవ్వగల ఇళ్లు. ఇప్పటికి నెల్లూర్లో పదకొండు, కావలిలో నాలుగు. ఒంగోలులో ఇంకా ఎవరూ లేరు. అమ్మాయిలుండే ఇళ్లు విడిగా రాస్తున్నాం. బైకుతో ఆదివారం పొద్దున ఆరింటికి హైవే దగ్గర నిలబడగలిగిన అన్నలు ముగ్గురు పేర్లిచ్చారు, ఇంకా కావాలి. ఎవరింటి పిల్ల అని మాత్రం అడగొద్దు, ఏ సెంటరని అడగండి.

ఆ అమ్మాయి మళ్లీ అప్లై చేసింది. ఈసారి శనివారం మా ఇంట్లోనే ఉంటుంది. మిగతావాళ్లు నాకు మెసేజ్ పెట్టండి.

జై భీమ్.