వందతో గుణించడం ఎప్పుడు మానేస్తాం?

బెర్లిన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లని గుర్తుపట్టడం చాలా తేలిక. సూపర్ మార్కెట్‌లో ఒక వస్తువు చేతిలోకి తీసుకుంటారు. రేటు చూస్తారు. రెండు సెకన్లు పైకప్పు వైపు చూసి, ఆ వస్తువుని ఉన్నచోటే పెట్టేస్తారు. ఆ రెండు సెకన్లలో జరిగేది ఒక్కటే... వందతో గుణించడం!

యూరో ఇప్పుడు వంద రూపాయలకి కాస్త పైనే. లెక్క సులువని అందరం వందే అనుకుంటాం. బయట టీ 3 యూరోలు, అంటే మూడొందలు. కటింగ్ 20 యూరోలు, అంటే రెండు వేలు. వచ్చిన కొత్తలో నాలుగు నెలలు నేను సెలూన్ గడప తొక్కలేదు. మా రూమ్మేటే ట్రిమ్మర్ పట్టాడు. ఆ రోజుల ఫొటోలు ఇంటికి పంపలేదు లెండి.

ఖాళీ ప్లాస్టిక్ బాటిల్‌ని సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగిస్తారు. అది కొన్నప్పుడు మనం కట్టిన డిపాజిట్టే. అయినా పాతిక రూపాయలు దొరికినంత సంబరం.

ఇక్కడిదాకా సరదాగానే ఉంటుంది. ఈ గుణకారం జేబుని కాపాడుతుంది కూడా. కానీ ఖర్చు దగ్గర కాపాడిన ఈ లెక్కే సంపాదన దగ్గర మనల్ని ముంచేస్తుంది. నన్ను ముంచింది. ఈ వారం ఆ సంగతే.

జర్మనీ స్టూడెంట్ వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చులకి 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. ఇక్కడికొచ్చాక అందులోంచి నెలకి 992 చొప్పున మన చేతికిస్తారు. మొదటి నెల డబ్బు పడగానే జీతం వచ్చినట్టు ఫీలయ్యాను. నిజానికి అది తెనాలిలో నాన్న సంతకం పెట్టి తెచ్చిన లోన్. నా కోర్సుకి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కోసారి కట్టే కంట్రిబ్యూషన్ మాత్రమే. కానీ గదికి 520, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 140 పైన పోగా మిగిలిన దాంట్లోనే తిండి, ఫోను, చలికోటు, అన్నీ. అక్కడ ఇంట్లోనేమో నెలనెలా లోన్ వడ్డీ.

అందుకే పార్ట్ టైమ్ పట్టాను. సరుకులు ప్యాక్ చేసే గోడౌన్. క్లాసులు జరిగే రోజుల్లో స్టూడెంట్లు మామూలుగా వారానికి 20 గంటలు దాటకుండా చూసుకుంటారు. ఈ జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. ఎనిమిది గంటల షిఫ్టు చేస్తే 111 యూరోలు. మళ్లీ గుణించండి. ఒక్క రోజుకి పదకొండు వేలు!

ఇక చూస్కోండి. గురువారం మధ్యాహ్నం రెండింటికి క్లాసు ఉండేది. అదే టైమ్‌కి షిఫ్టు కూడా ఉండేది. క్లాసుకెళ్తే పైసా రాదు, షిఫ్టుకెళ్తే పదకొండు వేలు. బుర్రలో లెక్క రెండు సెకన్లలో తేలిపోయింది. స్లైడ్లు ఆన్‌లైన్‌లో ఉంటాయిగా, తర్వాత చదువుకుందాంలే అనుకున్నాను. ఆ 'తర్వాత' రాలేదు. జులైలో ఆ సబ్జెక్టు పోయింది. అక్టోబర్‌లో మళ్లీ రాశాను. మళ్లీ పోయింది.

మన దగ్గరలా ఇక్కడ సప్లీలు ఎన్నిసార్లయినా రాసుకోవడం ఉండదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకి మూడే ఛాన్సులు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారి కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు. పేరు పోతే చదువు కోసం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కూడా చిక్కుల్లో పడుతుంది. నా మూడో ఛాన్సు ఫిబ్రవరిలో.

ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. చలికాలంలో ఇండియాకీ మాకూ నాలుగున్నర గంటల తేడా. నేను షిఫ్టు దిగి రాత్రి పదకొండింటికి ట్రైన్ ఎక్కితే ఇంట్లో తెల్లవారుజాము మూడున్నర. అంత రాత్రప్పుడు ఏం చెప్తాంలే అని సాకు దొరికేది. ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోతుంది. ఆదివారాలు షాపులు మూసేస్తారు. అలాంటి ఒక ఆదివారం గదిలో ఒక్కణ్నే కూర్చుని ఫోన్ చేసి చెప్పేశాను.

నాన్న తిట్టలేదు.

"వారానికి ఎన్ని గంటలు చేస్తున్నావురా?"

"ఇరవై."

"పరీక్ష ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"అయితే పరీక్ష అయ్యేదాకా మానెయ్. వడ్డీ సంగతి నేను చూసుకుంటా. తిన్నావా?"

తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని నెమ్మదిగా చెప్పింది, "మీ నాన్నగారు బండి మార్చడం మళ్లీ వాయిదా వేశార్రా" అని. ఆ బండి నేను ఇంటర్ చదివేటప్పటిది. నేనిక్కడ వందతో గుణిస్తూ ఉంటే, అక్కడ ఆయన తనకి కావాల్సినవి ఒక్కొక్కటే తీసేసుకుంటున్నారు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క మొత్తం వేశాను. ఈసారి రూపాయల్లో కాదు. ఒక సెమిస్టర్ ఎక్కువ పడితే ఆరు నెలల ఖర్చు. నెలకి 992 అనుకుంటే 5,952 యూరోలు. గంటకి 13.90 చొప్పున అది సంపాదించాలంటే 428 గంటలు కావాలి. అంటే 53 షిఫ్టులు చేసినా ఇంకా నాలుగు గంటల పని మిగిలే ఉంటుంది. వారానికి 20 గంటలైతే ఐదు నెలలు. ఒక్క సబ్జెక్టు కోసం సెమిస్టర్ పెరిగితే, క్లాసు ఎగ్గొట్టి నేను సంపాదించినదంతా పోయి, ఇంకా ఎదురు కట్టాలి. గురువారం క్లాసు రేటు సున్నా అనుకున్నాను చూశారా, అక్కడే తప్పింది లెక్క.

పార్ట్ టైమ్ చేయొద్దని చెప్పట్లేదు. నేనూ మార్చిలో మళ్లీ వెళ్తాను. చాలామందికి అది లేకపోతే ఇల్లు గడవదు. కానీ షిఫ్టు ఒప్పుకునే ముందు క్లాసుల టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకోండి. తప్పనిసరి సబ్జెక్టుల రోజులు ముందే కొట్టేసి, మిగిలినవే మేనేజర్‌కి చెప్పండి. మీ కోర్సులో ఒక పరీక్ష ఎన్నిసార్లు రాయొచ్చో మొదటి వారంలోనే తెలుసుకోండి. నేను రెండోసారి పోయాక తెలుసుకున్నాను. ఇంట్లో చెప్పడానికి మాత్రం రెండు నెలలు ఆగకండి.

ఇప్పుడు గురువారాలు క్లాసులోనే ఉంటున్నాను, మూడో వరుసలో. సాయంత్రం లైబ్రరీ. మొన్న లైబ్రరీ నుంచి వస్తూ చలికి తట్టుకోలేక బయట టీ కొన్నాను. 3 యూరోలు. గుణించలేదని చెప్తే అబద్ధమవుతుంది. గుణించాను. కానీ తాగాను.

ఫిబ్రవరి పరీక్ష ఏమైందో రిజల్ట్ వచ్చాక ఇక్కడే చెప్తాను. ఏదొచ్చినా సరే.