అంగడివాని బెంగ

జూన్ మాసంలో బడులు తెరవడానికి పదిరోజుల ముందు ఏ పట్టణంలోనైనా పుస్తకాల దుకాణానికి వెళ్ళి చూడండి. యజమాని ముఖంలో సంతోషం కన్న ఆందోళనే హెచ్చుగా కనిపిస్తుంది. సంవత్సరమంతటిలో జరగవలసిన వ్యాపారంలో పెద్దభాగం ఆ నాలుగు వారాలలోనే జరగాలి. అతడు అప్పు తెచ్చి సరుకు దించుకున్నాడు. ఇంతలో ఫలానా తరగతికి పాఠ్యప్రణాళిక మారినదని ఒక మాట వినవస్తుంది. నిన్నటిదాకా గైడ్లుగా ఉన్న కట్టలు ఆ క్షణం నుంచి చిత్తుకాగితాలు. మార్చినవారికి నష్టం లేదు, అచ్చువేసినవారు మరల అచ్చువేసుకుంటారు. అరలో పేర్చుకున్నవాడే మునుగుతాడు.

వీడియో ఆటల వ్యాపారంలో ఐదారేండ్లకొకసారి వచ్చే కొత్త యంత్రం చిల్లర వర్తకునికి ఇటువంటి జూన్ మాసమే. టెలివిజనుకు తగిలించి ఆడుకునే ఈ పెట్టెను కన్సోల్ అంటారని మన విద్యార్థులకు తెలుసు. వారి ఉపాధ్యాయులలో కొందరికి తెలియకపోవచ్చు. 2025 జూన్ 5న జపాను కంపెనీ నింటెండో తన ‘స్విచ్ 2’ను విడుదల చేసినప్పుడు నాలుగు రోజులలో ప్రపంచమంతటా 35 లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడుపోయినవి. పత్రికలన్నీ దుకాణాల ముందు బారులుతీరిన కుర్రవాళ్ళ ఛాయాచిత్రాలు వేసినవి. బల్లకు ఆవలివైపు నిలబడినవాని మనస్సులో ఏమున్నదో విచారించినవారు తక్కువ. ఆ సంగతి ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లెక్క చూద్దాం. యంత్రం ఖరీదైనది గనుక దాని మీద వర్తకునికి గొప్ప లాభం ఉంటుందని అనుకుంటాము. ఉండదు. అమెరికాలో ఈ వ్యాపారానికి పేరుపడిన గేమ్‌స్టాప్ సంస్థ 2010 ప్రాంతాల ప్రకటించిన వార్షిక లెక్కలలో కొత్త యంత్రాల మీద మిగులు నూటికి పదికి లోపే; ఒకరు ఆడి తెచ్చి ఇచ్చిన పాత ఆటలను కొని మరొకరికి అమ్మడంలో మాత్రం నూటికి నలభైకి పైగా మిగిలేది. అనగా యంత్రం దుకాణానికి లాభసాధనం కాదు, ఎర. ఆ ఎరకు వచ్చినవాడు తరువాత నెలనెలా ఆట కొనడానికి రావాలి, ఆడి విసిగిన ఆటను తిరిగి తెచ్చి ఇవ్వాలి. అప్పుడే అద్దె గిట్టుతుంది, గుమాస్తాకు జీతం గిట్టుతుంది. యంత్రాన్ని అమ్మినవానికి ఆ తరువాతి రాకపోకలు లేవంటే, అతడు లక్షల సరుకును కావలి కాచి కంపెనీకి ఒప్పజెప్పిన కాపలాదారు మాత్రమే.

ఈ బెంగ కల్పన కాదనడానికి చరిత్ర ఉన్నది. 1982లో అమెరికాలో అటారి కంపెనీ ఆటలకు ఎంత గిరాకీ ఉండెనంటే, ఓట్స్ అమ్ముకునే క్వేకర్ కంపెనీ సైతం ఆటల తయారీలోకి దిగినది. దుకాణదారులు వచ్చిన ప్రతి కార్ట్రిడ్జినీ తీసుకున్నారు. ఆ క్రిస్మస్‌కు ‘ఇ.టి.’ చలనచిత్రం పేరిట అటారి ఒక ఆటను సుమారు ఐదు వారాలలో తయారుచేయించి లక్షల కొలది అచ్చొత్తించినది. పిల్లలు ఆడి చూసి పెదవి విరిచినారు. అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపుదామంటే చిన్న కంపెనీలలో చాలవాటికి తిరిగి ఇవ్వడానికి డబ్బు లేదు; కొన్ని అప్పటికే తలుపులు మూసుకున్నవి. క్వేకర్ వారు కూడా మరుసటి సంవత్సరమే ఆ వ్యాపారం చాలించుకున్నారు. ముప్ఫయి, నలభై డాలర్ల ఆటలను గంపలలో పోసి ఐదు డాలర్లకు అమ్మవలసివచ్చినది. చౌక సరుకు ఎదుట ఉండగా కొత్త సరుకు ఎవడు కొంటాడు? కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెతకు ఇంతకన్న నిదర్శనం ఉండదు. 1983లో అటారి తన మిగులు సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగార్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్పించినది. అది కట్టుకథ అని చాలాకాలం కొందరన్నారు గాని, 2014లో త్రవ్వి చూడగా ఆ కార్ట్రిడ్జులు బయటపడినవి.

ఆ దెబ్బ తిన్న అంగళ్ళ ముందుకు 1985లో నింటెండో తన యంత్రంతో వచ్చినది. ‘వీడియో ఆట’ అన్నమాట వింటేనే వర్తకులు ముఖం తిప్పుకునే రోజులవి. అందుచేత కంపెనీవారు ఆ మాటే మానివేసినారు. యంత్రానికి ‘ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్’ అని పేరుపెట్టి, అది వీడియో క్యాసెట్లు వేసే పెట్టెవలె కనిపించేటట్లు మలచి, పక్కన రాబ్ అనే చిన్న మరబొమ్మను కూర్చోబెట్టి బొమ్మల అంగడిలోకి ప్రవేశపెట్టినారు. అయినా వర్తకులు లొంగలేదు. చివరకు నింటెండో అమెరికా శాఖ అధిపతి మినోరు అరకావా ఒక షరతు ముందుంచినాడు: న్యూయార్కు ప్రాంతపు దుకాణాలలో సరుకు మేమే తెచ్చి పేరుస్తాము, 90 రోజులదాకా పైకం అడగము, అమ్ముడుపోనిది మేమే పట్టుకుపోతాము. ఆ అక్టోబరులో వ్యాపారం మొదలైనది. నష్టభారం ఎవరు మోయాలన్న ప్రశ్నకు ఈ రంగంలో తయారీదారు తన భుజం ఒడ్డిన అరుదైన సందర్భమిది. దాని ఫలితం మీద ఒక కొత్త యుగమే లేచి నిలబడినది.

అయితే భుజం ఒడ్డినవాడు బలపడిన తరువాత చేసినదీ చెప్పుకోవాలి. ఆరేండ్లు తిరగకముందే అదే నింటెండో, తాను నిర్ణయించిన ధరకు తగ్గించి యంత్రం అమ్మే దుకాణాలకు సరుకు ఆపివేస్తున్నదని ప్రభుత్వ విచారణ వచ్చినది. 1991లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీపడి, కొనుగోలుదారులకు ఐదేసి డాలర్ల కూపన్లు ఇవ్వడానికి అంగీకరించినది. బతిమాలి తెరిపించుకున్న తలుపుకు తానే గొళ్ళెం పెట్టడమంటే ఇదే కాబోలు.

దుకాణదారుల విషయంలో అన్నింటికన్న గుణపాఠం వంటిది సేగా కంపెనీ కథ. తన ‘సాటర్న్’ యంత్రాన్ని 1995 సెప్టెంబరు 2న అమెరికాలో విడుదల చేస్తామని ఆ కంపెనీ చాటినది. వర్తకులు దాని ప్రకారం పెట్టుబడి సమకూర్చుకుంటున్నారు, అరలు ఖాళీచేసుకుంటున్నారు. ఇంతలో మే 11న లాస్ ఏంజెలస్ ప్రదర్శనలో సేగా అమెరికా అధిపతి టామ్ కలిన్‌స్కీ వేదిక ఎక్కి, యంత్రం ఇప్పటికే దుకాణాలకు చేరినది, వెల 399 డాలర్లు అని ప్రకటించినాడు. చేరినది నిజమే, కాని నాలుగు సంస్థల దుకాణాలకు మాత్రమే. అదీ మొత్తం 30,000 యంత్రాలు. వాల్‌మార్ట్, బెస్ట్ బై వంటి పెద్ద అంగళ్ళకు కబురే లేదు. తెల్లవారి పత్రిక చదివి తాము అమ్మవలసిన సరుకు పొరుగువాడు అమ్ముతున్నాడని తెలుసుకున్నవారికి ఎట్లుంటుంది? కేబీ టాయ్స్ అనే పెద్ద బొమ్మల సంస్థ కోపించి సాటర్న్‌ను తన దుకాణాలలో పెట్టనే పెట్టనన్నది. ఇతర కంపెనీల ఆటలు సెప్టెంబరుకు సిద్ధం కావలసి ఉండగా, మే నెలలో యంత్రం కొన్నవానికి సేగావారివే కొద్ది ఆటలు తప్ప వేరు లేకపోయినవి. అదే రోజున సోనీ ప్రతినిధి వేదిక మీదికి వచ్చి తమ ప్లేస్టేషన్ వెలను రెండు మాటలలో ‘299’ అని చెప్పి దిగిపోయినాడు. పోటీదారుకన్న నాలుగు నెలలు ముందు రావాలనుకున్న తొందరలో సేగా పోగొట్టుకున్నది అంగడివాని నమ్మకం. సాటర్న్ అమెరికాలో 1998తో ముగిసినది. దాని తరువాత తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ కూడా నిలవక, 2001 జనవరిలో సేగా యంత్రాల తయారీయే మానివేస్తున్నట్లు ప్రకటించినది. అపజయానికి కారణాలు ఇంకా ఉన్నవి. ఒక్క దుకాణదారుల అలుక వల్లనే కంపెనీ కూలినదనడం అతిశయోక్తి. కాని ఆ అలుక తీరలేదన్నది యథార్థం.

ఈ శతాబ్దంలో బెంగ రూపు మారినది. హైదరాబాదు కోఠీలో పాతపుస్తకాల బండి దగ్గర పదవ తరగతి పుస్తకాలు ఇచ్చివేసి ఇంటర్మీడియట్ పుస్తకాలు తెచ్చుకున్న విద్యార్థికి ఈ భాగం సులభంగా బోధపడుతుంది. కొన్న పుస్తకం నాది, నేను ఇంకొకరికి అమ్ముకుంటాను. ఆ హక్కు మీదనే ఆ బండివాడు బతుకుతున్నాడు. 2013లో మైక్రోసాఫ్ట్ తన ‘ఎక్స్‌బాక్స్ వన్’ యంత్రంతో ఈ హక్కుకే మేర గీయబోయినది. ఆటను స్నేహితునికి ఒక్కసారి మాత్రమే ఇవ్వవచ్చు, కంపెనీ ఒప్పుకున్న దుకాణంలో మాత్రమే మారకం వేయవచ్చు, యంత్రం 24 గంటలకొకసారి ఇంటర్నెట్టు ద్వారా హాజరు వేయించుకోవాలి అన్నది. పాత ఆటల మీద బతికే వర్తకులకు గుండె ఆగినంత పనైనది. జూన్ 10న సోనీ తన యంత్రానికి అటువంటి కట్టుబాట్లు లేవని ప్రకటించగా ప్రదర్శనశాల చప్పట్లతో మారుమోగినది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనుకకు తగ్గినది.

అప్పుడు గెలిచామనుకున్నారు వర్తకులు. ఆజ్ఞతో కానిది అలవాటుతో అయినది. ఆటలను డిస్కు లేకుండా నేరుగా యంత్రంలోకి డౌన్‌లోడ్ చేసుకోవడం ఏటేటా పెరిగినది. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడే డిస్కు పెట్టే గాడి లేని రకం ఒకటి పక్కన నిలిచినది. మన దేశానికి ఆ యంత్రం 2021 ఫిబ్రవరి 2న, రెండున్నర నెలలు ఆలస్యంగా వచ్చినది. జనవరి 12న ముందస్తు బుకింగు తెరిచిన కొద్ది నిమిషాలకే సరుకు అయిపోయినది. లేని సరుకు కోసం వచ్చేవారికి సమాధానం చెప్పడం ఇక్కడి దుకాణదారు కొత్తగా నేర్చుకున్న పని. 2024 నవంబరులో వచ్చిన ‘ప్రో’ యంత్రం వెల విడుదలనాడు అమెరికాలో 700 డాలర్లుగా ఉండెను. అందులో గాడి అసలే లేదు, కావలసినవారు విడిగా కొని తగిలించుకోవాలి. గేమ్‌స్టాప్ తన 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికాలో 590 దుకాణాలు మూసివేసినది.

స్విచ్ 2 నాటికి ఈ బెంగలన్నీ ఒకచోట చేరినవి. 2025 ఏప్రిల్ 2న నింటెండో 450 డాలర్ల వెల ప్రకటించిన రోజే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సరుకుల మీద కొత్త సుంకాలు ప్రకటించినాడు. యంత్రాలు కొంతవరకు తయారయ్యే వియత్నాముకు నూటికి 46 వంతున పడినది. ఏప్రిల్ 9న మొదలు కావలసిన బుకింగు ఆగి 24న మొదలైనది. వెల మారలేదు గాని, ఆ రెండు వారాలు ఏ ధరకు ఏమి అమ్మాలో వర్తకునికి తెలియని రోజులు. దీనికి తోడు ‘గేమ్ కీ కార్డు’ అని ఒకటి వచ్చినది. చూడడానికి కార్ట్రిడ్జే, లోపల ఆట ఉండదు, ఆటను డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రం ఉంటుంది. మరల అమ్ముకోవచ్చు, ఎరువివ్వవచ్చు. ఆ మేరకు అది దుకాణానికి మేలే. కాని కంపెనీ సర్వరు మూసిన నాడు అరలో మిగిలినది ఉత్త ప్లాస్టిక్కు ముక్క.

ఇదంతా దళారీల ఏడుపు, వారు పోతే మనకేమి అనేవారు లేకపోలేదు. ఆ వాదనలో కొంత న్యాయమున్నది: పాత ఆటను చౌకగా కొని దాదాపు కొత్తదాని ధరకు అమ్మిన వర్తకులను చూచి జాలిపడనక్కరలేదు. అయితే సగం వెలకు పాత ఆట కొనుక్కునే పేద కుర్రవానికి ఆ అంగడి తప్ప వేరు దారి లేదన్న సంగతి వారు మరచిపోతున్నారు. డౌన్‌లోడ్ అంగడి ఒక్కటే, దాని యజమాని యంత్రం చేసినవాడే. అక్కడ బేరమాడడానికి ఎదుట మనిషే ఉండడు.

పూర్వం కొత్త యంత్రం వస్తున్నదంటే దుకాణదారు కంపెనీ ప్రతినిధిని అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని పెట్టెలు పంపుతారని. ఇప్పుడు దానికన్న ముందు, డిస్కు పెట్టే గాడి ఉన్నదా అని అడుగుతున్నాడు.